ఫోన్ ఎవరెత్తారు?

జూన్ 3

చెల్లీ,

ఈ ఉత్తరం అందిన రోజు నుంచి నాకు ఫోన్ చెయ్యకు. అసలు మాట ముందే రాసేస్తున్నాను. నువ్వు ఏది చదివినా నాలుగు వాక్యాలు చదివి, పొయ్యి మీద ఏదో మాడుతోందని లేచిపోయే రకం కదా.

మొన్న ఆదివారం బుజ్జి నాన్న మా ఇంటికి వచ్చాడు. మామూలుగా అయితే గుమ్మంలో నిలబడి అరిచి పోతాడు. ఈసారి అరవలేదు. చెప్పులు విడిచి, కుర్చీ లాక్కుని కూర్చుని మంచినీళ్ళు అడిగాడు. తాగి గ్లాసు కింద పెడుతూ, "బుజ్జి బడి గేటు నీలం రంగట కదా వదినా. ఎదురుగా రొట్టెల దుకాణం కూడా ఉందట. పిల్లకి ఆకలేస్తే ఇబ్బంది లేదు," అన్నాడు. నవ్వుతూనే అన్నాడు. "ఊరు పేరొక్కటే తెలియాలి. అదీ తెలుస్తుందిలే," అని లేచి వెళ్ళిపోయాడు.

నీలం గేటు సంగతి నువ్వు నాకు ఫోన్‌లో చెప్పావు. నేను మీ బావకి తప్ప ఇంకెవరికీ చెప్పలేదు. ఊరు పేరు ఫోన్‌లో అనుకోకూడదని మొదటి రోజే ఒట్టు పెట్టుకున్నాం కాబట్టి ఇంకా బతికి ఉన్నాం.

నా అనుమానం ఈ ఫోన్ మీదే. పోయిన వేసవిలో మీ బావకి ఇంటర్నెట్ పెట్టించినప్పుడు పాత ఫోన్ తీసేసి ఈ వైరు లేని ఫోన్లు పెట్టాం కదా. నెట్టూ ఫోనూ ఒకే తీగ మీద వస్తాయి. ఫోన్ ఎత్తితే చాలు, మేడ మీద మీ బావ గదిలో నెట్టు డబ్బా మీద పచ్చ లైటు ఆరిపోతుంది. ఆయన గీసిన ఇంటి ప్లాను ఎవరికో పంపుతూ ఉంటాడు, అది సగంలో ఆగిపోతుంది. వెంటనే పైనుంచి కేక: "ఫోన్ ఎవరెత్తారు?" ఇంట్లో ఉండేది ఇద్దరం. ఆయన ఎత్తకపోతే నేనే కదా. అయినా అలాగే అడుగుతాడు. నీతో మాట్లాడేటప్పుడు మధ్యలో టక్కుమని చప్పుడయ్యి, నీ గొంతు చెంబులోంచి వస్తున్నట్టు సన్నబడటం కూడా ఈ ఫోన్లు వచ్చాకే. తీగ పాడైందేమో అనుకున్నాను. ఇప్పుడు అలా అనుకోలేకపోతున్నాను.

వాడు వెళ్ళాక పక్కింటి పిన్నిగారు వచ్చి కూర్చుంది. నా చేతులు పట్టుకుంది. "గొడవలు పెట్టుకోకమ్మా, ఎంతైనా పిల్లకి తండ్రి," అంది. ఆమెకేం తెలుసు, ఒంటరిది, అందరూ కలిసుంటే చాలనుకుంటుంది.

ఉత్తరాలు మా ఇంటికి రాయకు. నేను పనిచేసే పళ్ళ డాక్టరు క్లినిక్ చిరునామా వెనక రాశాను. బుజ్జిని ఒంటరిగా బడికి పంపకు.

అక్క


జూన్ 8

అక్కా,

నీ ఉత్తరం ఆసుపత్రి లాండ్రీకి వచ్చింది. ఆపరేషన్ గదుల దుప్పట్లు వేరు చేస్తుంటే సూపర్వైజరమ్మ తెచ్చి ఇచ్చింది. బాయిలర్ పక్కనే నిలబడి చదివాను.

బుజ్జిని బడి మాన్పించాను. జ్వరమని చెప్పాను. పనికి నాతోనే తెచ్చుకుంటున్నాను. ఉతికి మడతపెట్టిన దుప్పట్ల అరల వెనక కొంచెం చోటుంది, అక్కడ కూర్చోబెడుతున్నాను. సూపర్వైజరమ్మ చూసీ చూడనట్టు ఉంటోంది. బుజ్జి దిండు గలీబులతో ఇల్లు కట్టుకుంది. "అమ్మా, మనం దాక్కుంటున్నామా?" అని అడిగింది. ఆట అన్నాను. "మరి వెతికేది ఎవరు?" అంది.

బయట మగ గొంతు వినిపిస్తే చాలు, చేతిలోది వదిలేసి దాని దగ్గరికి పరిగెడుతున్నాను. నిన్న అలాగే పరిగెత్తి చూస్తే సబ్బు పొడి బస్తాలు దించేవాడు.

నేను ఇల్లు వదిలిన రోజు వాడన్న మాట నీకు చెప్పాను. "ఇక నిన్ను కొట్టనులే. పిల్లని పట్టుకుపోతాను. దాని మొహం మళ్ళీ నీకు కనపడదు." కోపంలో అన్న మాటైతే మర్చిపోయేదాన్ని. అన్నం తింటూ, మంచినీళ్ళు అడిగినట్టు అన్నాడు.

ఇక అడగక తప్పనిది అడుగుతున్నాను. నీలం గేటు సంగతి బావకి చెప్పానని రాశావు. బావా వాడూ ఒకే కంచంలో తిన్నవాళ్ళు. ఈ సంబంధం తెచ్చిందే బావ. నా చెయ్యి విరిగి మీ ఇంటికొచ్చినప్పుడు "కొంచెం సర్దుకుపోమ్మా" అన్నదీ ఆయనే. తీగ మీద నెపం పెట్టేముందు ఇంట్లో చూసుకున్నావా?

కోపం తెచ్చుకోకు. నాకు ఇప్పుడు ఎవరిని చూసినా భయంగానే ఉంది.

చెల్లి


జూన్ 12

చెల్లీ,

నీ ఉత్తరం నేరుగా డాక్టరుగారి చేతిలో పడింది. "ఏమ్మా, ఇంటికి తెలియకుండా ఉత్తరాలా!" అని పేషెంట్ల ముందే నవ్వాడు. నోట్లో దూది పెట్టుకుని కూర్చున్న ముసలాయన కూడా నవ్వాడు. నేనూ నవ్వాను. తర్వాత మందుల గదిలోకి వెళ్ళి చదువుకున్నాను.

మీ బావ గురించి నువ్వు రాసింది చదివి చింపేద్దామనుకున్నాను. చింపలేకపోయాను, ఎందుకంటే ఆ అనుమానం నీకంటే ముందు నాకే వచ్చింది. ఆయన స్నానానికి వెళ్తే చొక్కా జేబులు వెతికాను. బస్సు టికెట్లూ, పెన్సిలు చెరిపే రబ్బరు ముక్కా ఉన్నాయి. వీధి చివరికి వెళ్తే కిటికీలోంచి చూశాను ఎవరితో మాట్లాడతాడోనని. చెప్పులు కుట్టించుకుని వచ్చాడు. అన్నం వడ్డిస్తుంటే, "ఏమిటే అలా చూస్తావు, మొహానికి ఏమన్నా అంటిందా?" అన్నాడు. సిగ్గేసింది. కానీ చూడటం మానలేదు. ఒక కప్పు కింద ఉంటూ మొగుడి జేబులు వెతుక్కునే బతుకైపోయింది నాది. దీనికి నీకు దండం పెట్టనా, వాడికి పెట్టనా?

ఆయన పోలీస్ స్టేషన్‌కి వెళ్ళాడు, నేను పంపకుండానే. "తండ్రి కూతుర్ని వెతుక్కుంటే అందులో నేరమేముంది?" అన్నారట. వచ్చి భోజనం చెయ్యకుండా పడుకున్నాడు. ఇది నువ్వు నమ్ముతావో లేదో నీ ఇష్టం.

ఫోన్లు బాగుచేసే లైన్‌మాన్ వచ్చాడు. ఎవరో వింటున్నారని చెబితే, "సినిమాలు ఎక్కువ చూస్తున్నట్టున్నారమ్మా," అన్నాడు. నెట్టూ ఫోనూ ఒకే తీగ మీద ఉంటే ఫోన్ దగ్గర ఫిల్టరని ఒక చిన్న డబ్బా తగిలించాలట. అది లేదు కాబట్టి ఫోన్ ఎత్తినా, మోగినా నెట్టు పోతోందట. "రేపు తెస్తా," అని వెళ్ళాడు. ఆయనగారి రేపు ఇంకా రాలేదు.

మొన్న పిన్నిగారు కూడా, "ఈమధ్య మీ చెల్లి ఫోన్ చేస్తున్నట్టు లేదే," అని బెంగపడింది. నీ మీద ఆమెకున్న అభిమానం చూసి నాకు ఏడుపొచ్చింది.

బుజ్జికి నిజం చెప్పెయ్. ఆటని చెబితే అది ఎప్పుడో నవ్వుతూ బయటికి వచ్చేస్తుంది.

అక్క


జూన్ 13

అక్కా,

నీ దగ్గర్నుంచి జవాబు రాలేదు. కోపం వచ్చిందనుకున్నాను. తర్వాత కోపం కాదు, ఇంకేదో జరిగిందనుకున్నాను. ఆ ఆలోచన వచ్చాక ఆగలేకపోయాను. చెయ్యొద్దన్నా నిన్న సాయంత్రం ఫోన్ చేశాను. నా దగ్గర ఫోన్ కార్డులో డబ్బులు అయిపోయాయి. ఆసుపత్రి ముందు కౌంటర్లో అమ్మాయిని బతిమాలి, వాళ్ళ ఫోన్ నుంచే చేశాను.

నువ్వు "హలో" అన్నావు. నేను "అక్కా" అన్నాను. నువ్వు "రాంగ్ నంబరు" అని పెట్టేశావు. పరాయిదానికి చెప్పినట్టు చెప్పావు. జాగ్రత్త కోసం అలా అన్నావనే అనుకుంటున్నాను. లేకపోతే వాడు పక్కన నిలబడి ఉన్నాడా? బావ ఉన్నారా? నామీద కోపమే అయితే అదొక్కటీ రాసి పంపు చాలు, నేను తట్టుకుంటాను.

ఇంకోటి అడగాలి. మీ ఇంట్లో పాట కొట్టే గడియారం ఎప్పుడు కొన్నారు? బావకి చప్పుడంటే పడదు కదా. నువ్వు పెట్టేశాక కూడా ఆ పాట చివరిదాకా వినిపించింది. సరిగ్గా పెట్టలేదేమోనని "అక్కా, అక్కా" అన్నాను. ఎవరో ఊపిరి పీల్చారు. తర్వాత పెట్టేశారు. అది నువ్వేనా?

నువ్వే అయితే ఎందుకు మాట్లాడలేదు?

చెల్లి


జూన్ 17

చెల్లీ,

ఈ ఉత్తరం తెచ్చింది మీ బావ. పరిగెత్తకు. ఒక్కడే వచ్చాడు.

ముందు నువ్వు అడిగినదానికి జవాబు. మా ఇంట్లో పాట కొట్టే గడియారం లేదు. ఎప్పుడూ లేదు. ఆ ఊపిరి నాది కాదు.

నీ ఉత్తరం క్లినిక్‌లో బల్ల కింద పెట్టుకుని చదివాను. గడియారం మాట రెండుసార్లు చదివాను. ఆ గడియారం పిన్నిగారిది. కొడుకు పంపాడని గోడకి కొట్టించుకుని వీధంతా పిలిచి వినిపించింది.

ఇంటికొచ్చి మీ బావతో ఏమీ అనలేదు. హాల్లో ఫోన్, వంటింట్లో ఫోన్, రెండూ తెచ్చి భోజనాల బల్ల మీద పక్కపక్కన పెట్టాను. కూరగాయలు తరుగుతూ వాటినే చూస్తూ కూర్చున్నాను. మీ బావ పైన పని చేసుకుంటున్నాడు. తరిగిన ముక్కలు గిన్నె నిండాయి. అప్పుడు పైనుంచి కేక:

"ఫోన్ ఎవరెత్తారు?"

రెండు ఫోన్లూ నా ముందే ఉన్నాయి. హాల్లో పెద్ద స్టాండు మీద ఎర్ర లైటు మాత్రం వెలుగుతోంది, ఎవరో మాట్లాడుతున్నట్టు.

"నేను ఎత్తలేదు," అన్నాను. పైకి వినపడలేదేమోనని మళ్ళీ అరిచాను.

"నువ్వు కాక దెయ్యం ఎత్తిందా?" అంటూ నవ్వుతూ దిగి వచ్చాడు. బల్ల మీద రెండు ఫోన్లూ చూశాడు, ఎర్ర లైటు చూశాడు. నవ్వు ఆగిపోయింది. ఒక ఫోన్ తీసి బటన్ నొక్కి చెవి దగ్గర పెట్టుకున్నాడు. మాట్లాడకుండా నా చెవి దగ్గర పెట్టాడు. లోపల ఎవరో గ్లాసులో చెంచా తిప్పుతున్నారు. పిన్నిగారు టీలో పంచదార అలాగే కలుపుతుంది, గ్లాసు అరిగిపోయేలా.

అప్పుడు గుర్తొచ్చింది మాకు. ఈ ఫోన్లు బుజ్జి నాన్న దుకాణంలోనే కొన్నాం. అటక మీద అట్టపెట్టె దించి చూశాం. దాని మీద బొమ్మలో ఫోన్లు మూడు. మూడోది చార్జింగ్ ఎక్కట్లేదని, బాగుచేసి తెస్తానని వాడే పట్టుకెళ్ళాడు. అప్పటికి నువ్వు వాడి ఇంట్లోనే ఉన్నావు. మళ్ళీ మేం అడగలేదు, వాడు ఇవ్వలేదు. అది గోడ అవతల నుంచి కూడా మా స్టాండుతో మాట్లాడుతుందని మాకేం తెలుసు?

మర్నాడు పిన్నిగారి గిన్నె తిరిగివ్వాలన్న వంకతో వెళ్ళాను. కూర్చోమంది. లోపలి గదిలో ఫ్రిజ్ మీద అల్లిక గుడ్డ కప్పి ఏదో ఉంది. గుడ్డ కంతల్లోంచి చిన్న పచ్చ లైటు కనపడుతోంది. నేను అటు చూస్తుండగానే గడియారం పాట మొదలుపెట్టింది. పొయ్యి మీద పాలున్నాయని చెప్పి వచ్చేశాను.

ఇప్పుడు అసలు భయం. నువ్వు కార్డుతో చేసినప్పుడు మా ఫోన్లలో నంబరు పడేది కాదు. కౌంటర్ నుంచి చేసినప్పుడు పడింది. మా రెండు ఫోన్లలోనూ ఉంది. మూడోదానిలోనూ ఉంటుంది. వాడు ఆమె దగ్గరికి రెండు వారాలకోసారి వస్తాడని మీ బావ కనుక్కున్నాడు. ఈ శనివారం వస్తాడు. నంబరు చూస్తే ఊరు తెలిసిపోతుంది. ఆసుపత్రి తెలిసిపోతుంది.

ఆ ఫోన్ లాక్కుంటే మనకి తెలిసిపోయిందని వాడికి తెలుస్తుంది, వెంటనే ఆ నంబరు వెంట వస్తాడు. అందుకని మీ బావ ఇంకో దారి చెప్పాడు. శుక్రవారం సాయంత్రం కొత్త కార్డుతో నాకు ఫోన్ చెయ్యి. ఇక్కడ ఇక ఉండలేను, ఆసుపత్రి వదిలేశాను, చిన్నప్పుడు వరదొచ్చినప్పుడు మనం తలదాచుకున్న ఊరికి బుజ్జిని తీసుకుని వెళ్ళిపోతున్నాను, ఆదివారం పొద్దున బస్టాండులో దిగుతాను అని చెప్పు. ఆ ఊరు ఏదో వాడికి తెలుసు, నువ్వే చెప్పావు కదా పెళ్ళయిన కొత్తలో. వాడు అక్కడికి పోయిన పూట నువ్వు ఇంకోవైపు వెళ్ళిపోవాలి. ఎక్కడికో నాకు చెప్పకు.

ఫోన్లో భయపడుతున్నట్టు మాట్లాడు. అందుకు నువ్వు ప్రత్యేకంగా కష్టపడక్కర్లేదనుకుంటా.

అక్క


జూన్ 18

అక్కా,

పరిగెత్తాను. నీ ఉత్తరం విప్పే లోపే పరిగెత్తాను.

గేటు దగ్గర బావని చూశాను. వెనకాల వాడున్నాడనే అనుకున్నాను. బుజ్జిని చంకనేసుకుని ఆరబెట్టే హాల్లోకి పోయి, తడి దుప్పట్ల మధ్య కూర్చుని దాని నోరు మూశాను. దుప్పట్ల అంచు కింద నుంచి బావ చెప్పులు కనపడ్డాయి, కొత్తగా కుట్టించుకున్నవి. సూపర్వైజరమ్మ నడుం మీద చేతులు పెట్టుకుని, "అలాంటివాళ్ళెవరూ ఇక్కడ లేరు, బయటికి నడవండి," అంది. బావ వాదించలేదు. ఉత్తరం ఆమె చేతిలో పెట్టి వెళ్ళిపోయారు.

కాసేపటికి ఆమె కిటికీలోంచి చూసి నన్ను పిలిచింది. "ఎవరమ్మా ఆయన, మతి ఉండే ఉన్నాడా?" అంది. రోడ్డు అవతల మందుల దుకాణం ముందు ఎండలో నిలబడి ఉన్నారు. అటు తిరుగుతున్నారు, ఇటు తిరుగుతున్నారు, చేతులు చాపుతున్నారు, ఆఖరికి జేబులు కూడా బయటికి లాగి చూపిస్తున్నారు. వెంట ఎవరూ లేరని నాకు చెప్పడానికి, అక్కా. దారిన పోయేవాళ్ళు నిలబడి చూస్తున్నారు.

అప్పుడు చదివాను నీ ఉత్తరం.

వెళ్ళి ఆయన ముందు నిలబడ్డాను. "చెయ్యి ఎలా ఉంది?" అన్నారు. బాగానే ఉంది, తడి బట్టలు పిండితే సలుపుతుంది అన్నాను. తలూపారు. బుజ్జి, "పెద్దనాన్నా, నువ్వే వెతికేవాడివా?" అంది. ఆయన రొట్టెల దుకాణానికి వెళ్ళి దానికి రొట్టె కొని తెచ్చారు.

శుక్రవారం చేస్తాను. సూపర్వైజరమ్మకి ఇంకో ఊళ్ళో తెలిసిన లాండ్రీ ఉందట. ఆ ఊరి పేరు ఈ కాగితం మీద పెట్టను. ఆదివారం తెల్లారాక బయల్దేరతాం. నువ్వు రాసేది ఏమన్నా ఉంటే ఆమె పేరున పంపు, ఒక్కసారికి చేరుస్తుంది.

ఫోన్లో పిన్నిగారు వింటోందని తెలిసి నీతో మాట్లాడాలంటే భయంగా ఉంది. నువ్వు తొందరగా పెట్టెయ్యకు.

చెల్లి


జూన్ 25

చెల్లీ,

నువ్వు ఎక్కడున్నావో తెలియదు. ఉన్నావనే అనుకుని రాస్తున్నాను.

శుక్రవారం నువ్వు మాట్లాడుతున్నంతసేపూ గోడకేసి చూస్తూ నిలబడ్డాను. టక్కుమంది, నీ గొంతు సన్నబడింది. నువ్వు వరద ఊరి మాట చెప్పేటప్పుడు నిజంగానే ఏడ్చావు. నాకు తెలిసి కూడా ఒక్క నిమిషం నమ్మేశాను, వద్దే, అక్కడికి పోకు అన్నాను. అది నటన కాదు.

శనివారం వాడు పిన్నిగారి దగ్గరికి వచ్చి వెళ్ళాడు. సాయంత్రం దుకాణం మూసేశాడు. మీ బావ తలకి తువ్వాలు చుట్టుకుని బస్టాండు దాకా వెనకాలే వెళ్ళాడు. వాడు వరద ఊరి బస్సెక్కాడు. కిటికీ పక్క సీటు కోసం ఒక ముసలమ్మతో తగువు కూడా పెట్టుకున్నాడట. బస్సు మలుపు తిరిగేదాకా నిలబడి చూసి వచ్చి, మీ బావ మెట్ల మీదే కూలబడ్డాడు. ఆదివారమంతా నువ్వు ఏ దారిలో ఉన్నావోనని ఎవరికి వాళ్ళం అనుకుంటున్నాం.

సోమవారం వాడు తిరిగొచ్చాడు. మా ఇంటికి రాలేదు. పిన్నిగారింటికి పోయాడు. గోడలోంచి అంతా వినపడింది. "ఏం విన్నావే ముసలిదానా, సరిగ్గా ఏం విన్నావు?" అంటున్నాడు. ఆమె, "అదే బాబూ, ఆ మాటే అంది," అంటోంది. ఏదో పగిలింది. మీ బావ గేటు దూకి వెళ్ళాడు, నేను వీధిలోకి పోయి అరిచాను, ఇస్త్రీ బండివాడూ ఎదురింటివాళ్ళూ వచ్చారు. జనాన్ని చూసి వాడు ఆగాడు. పోతూ పోతూ నా వైపు చూసి, "నాకూ తెలుసులే వదినా, ఎక్కడో ఒకచోట బడికి పంపాలి కదా," అన్నాడు.

పిన్నిగారు నేలమీద కూర్చుని ఉంది. పగిలింది ఆ గడియారం. ముక్కలన్నీ పడ్డాక కూడా పాట సగం కొడుతూనే ఉంది. ఆమె లేచి ఫ్రిజ్ మీద గుడ్డ తీసి, ఆ ఫోన్ కొంగున పెట్టుకుని మా ఇంటికి తెచ్చింది.

"నా కోడలు మనవణ్ణి తీసుకుపోయి ఎన్నాళ్ళయిందో నీకు తెలుసు కదమ్మా," అంది. "వాడు నా ముందు కళ్ళనీళ్ళు పెట్టుకున్నాడు. పిల్ల ఎక్కడుందో తెలిస్తే కాళ్ళు పట్టుకుని తెచ్చుకుంటానన్నాడు. ఒక కాపురం నిలబెడదామనుకున్నాను."

ఫోన్ నా వైపు చాపి, "మీ చెల్లెలు ఇలాంటివాడి దగ్గరా ఉంది?" అని అడిగింది.

అవును అన్నాను. ఫోన్ తీసుకున్నాను. కూర్చోమనలేదు. మళ్ళీ ఎప్పటికైనా అంటానేమో తెలియదు.

ఇప్పుడు వాడు పొద్దస్తమానం ఫోన్ చేస్తున్నాడు. ఎత్తితే మాట్లాడడు. అందుకని మూడు ఫోన్లకీ బ్యాటరీలు తీసేసి ఇనప్పెట్టెలో పడేశాను. స్టాండు మాత్రం తీగకి ఉంది, దానికి గంట లేదు. వాడు చేసినప్పుడల్లా ఇంట్లో చప్పుడుండదు, పైన పచ్చ లైటు మాత్రం ఆరుతుంది. మీ బావ ఇప్పుడు కేకెయ్యడం లేదు. వాడేనని తెలిసి పెన్సిలు కింద పెట్టి కూర్చుంటున్నాడు.

బుజ్జి గలీబుల ఇల్లు తెచ్చుకుందా, అక్కడే వదిలేసిందా?

అక్క


జూలై 2

అక్కా,

చేరాం. గది చిన్నది, తలుపు గట్టిది. ఇంతకంటే రాయను.

నీ ఉత్తరం సూపర్వైజరమ్మ ద్వారా అందింది. ఇక ఆమె పేరున కూడా పంపకు. ఎవరికి ఏం తెలిస్తే ఎటు పోతుందో నాకు అర్థమైపోయింది. పిన్నిగారు చెడ్డదైతే ఇంత భయం ఉండేది కాదు. మంచిది కాబట్టే ఇప్పుడు ఎవరు పలకరించినా బుజ్జిని వెనక్కి లాక్కుంటున్నాను. నువ్వు కూడా తెలుసుకోకపోవడమే మేలు. ఈ మాట రాయడానికి ఎంతసేపు పట్టిందో నీకు చెప్పలేను.

కానీ బతికున్నామని నీకు తెలియాలి కదా. ఒక పని చెయ్యి. లైన్‌మాన్ ఫిల్టరు తెస్తే పెట్టించకు. స్టాండు తీగ పీకెయ్యకు. నెలకోసారి, జీతం అందిన రోజు సాయంత్రం, నేను కార్డుతో ఫోన్ చేస్తాను. మీకు మోగదు, ఎత్తేవాళ్ళుండరు. పచ్చ లైటు ఆరుతుంది. అది మళ్ళీ వెలిగేంత సేపు ఆగి ఇంకోసారి చేస్తాను. ఆరి, వెలిగి, వెంటనే మళ్ళీ ఆరితే అది నేను. ఒక్కసారే ఆరితే వాడు.

బుజ్జికి నిజం చెప్పాను. నువ్వు చెప్పమన్నట్టే. విని, "మరి పెద్దనాన్న జేబుల్లో ఏమీ లేదు కదా, ఆయన మనవైపే కదా," అంది. అవునన్నాను.

గలీబుల ఇల్లు తెచ్చుకుంది.

చెల్లి


ఆగస్టు 4

చెల్లీ,

ఈ ఉత్తరం పంపడానికి చిరునామా లేదు. రాసి ఇనప్పెట్టెలో ఫోన్ల పక్కన పెడతాను.

లైన్‌మాన్‌గారి రేపు ఇన్నాళ్ళకి వచ్చింది. ఫిల్టరు చేత్తో పట్టుకుని గుమ్మంలో నిలబడ్డాడు. వద్దు బాబూ అన్నాను. "అదేంటమ్మా, ఫోన్ వస్తే నెట్టు పోతుందని మీరే కదా ప్రాణం తీశారు?" అన్నాడు. పోనియ్యి, మాకు అలవాటైపోయింది అన్నాను. నన్ను ఎగాదిగా చూసి వెళ్ళాడు.

పోయిన నెలాఖరు నుంచి రోజూ సాయంత్రం నేను పై గదిలోనే కూర్చుంటున్నాను, నీ కొత్త చోట జీతం ఎప్పుడిస్తారో తెలియక. లైటు ఆరడం, అది వెలిగి అలాగే ఉండిపోవడం. ప్రతిసారీ వాడే. ఒకరోజు అసలు ఆరనేలేదు. వాడు ఫోన్ దగ్గర లేడంటే ఎక్కడికి బయల్దేరాడో అని ఆ పూట ఇంకా భయపడ్డాం. మీ బావ వెళ్ళి దుకాణం తెరిచే ఉందని చూసి వచ్చాడు.

ఇవాళ సాయంత్రం ఆయన ఒక పెద్ద ఇంటి ప్లాను పంపుతున్నాడు. ముప్పావు వంతు పోయింది. లైటు ఆరింది. ఇద్దరం కదల్లేదు. వెలిగింది. వాడేలే, అని నేను లేవబోయాను. మీ బావ నా చెయ్యి పట్టుకుని ఆపాడు.

మళ్ళీ ఆరింది.

"ఫోన్ ఎవరెత్తారు?" అన్నాడు ఆయన, నెమ్మదిగా, పక్కనున్న నాకే వినపడేంత.

లైటు వెలిగాక, ప్లాను మళ్ళీ మొదటి నుంచి పంపడం మొదలుపెట్టాడు.

అక్క